కృత్రిమ స్ఫింక్టర్ పెట్టించాక కూడా ఆగని అర్జెంటు: పరికరం మార్చాలా, మందులు వాడాలా?

గోదారి గట్టు

అందరికీ నమస్కారం. నాన్నగారి విషయంలో సలహా కావాలి. ఆయనకు 71 ఏళ్ళు. ప్రొస్టేట్ క్యాన్సర్ అని గ్రంథి మొత్తం తీసేశారు, ఆ తర్వాత రేడియేషన్ కూడా ఇచ్చారు. అప్పట్నుంచి దగ్గినా, కుర్చీలోంచి లేచినా మూత్రం కారిపోయేది. డైపర్ లేకుండా గుమ్మం దాటేవారు కాదు. పోయినేడాది కృత్రిమ స్ఫింక్టర్ పెట్టించాం, అంటే మూత్రనాళాన్ని బిగించి మూత్రం కారకుండా ఆపే పరికరం, ఏఎమ్ఎస్ 800 అనేది. దాంతో నాన్న మళ్ళీ మనుషుల్లో పడ్డారు. పెళ్ళిళ్ళకి వెళ్ళారు, బస్సెక్కారు.

ఈమధ్య కొత్త గొడవ మొదలైంది. ఉన్నట్టుండి అర్జెంటు అంటారు. బాత్రూంలోకి వెళ్ళి, మూత్రం వదలడానికి ఆ పరికరం పంపు నొక్కేలోపే లుంగీ తడుస్తోంది. రాత్రిళ్ళు నిద్ర లేదు. ఒక డాక్టరు గారు పరికరం పాడైంది, మార్చాల్సిందే అన్నారు. ఇంకొకరు ఇది ఓవర్ యాక్టివ్ బ్లాడర్, అంటే మూత్రాశయం కండరం తొందరపడి బిగుసుకోవడం అని, సోలిఫెనసిన్ మాత్ర రాశారు. మందుల షాపు అబ్బాయేమో "లోపల మిషన్ ఉన్నవాళ్ళకి ఈ మాత్ర పడదు" అన్నాడట. దాంతో నాన్న ఆ స్ట్రిప్పు ముట్టుకోవడం లేదు. పరికరం మార్చాలంటే మళ్ళీ లక్షలు. ఎవరికైనా ఇలాంటి అనుభవం ఉంటే చెప్పండి.

కూకట్‌పల్లి బాబాయ్

బాబూ, నాకూ అదే పరికరం ఉంది, చాన్నాళ్ళైంది. ముందు టెన్షన్ పడకు. నాన్నగారి పక్కన కూర్చుని మూడు సంగతులు అడుగు. సిగ్గుపడతారు, అయినా అడుగు.

దగ్గినప్పుడు, బరువెత్తినప్పుడు ఇప్పుడు కారుతోందా? ఒకసారి వెళ్ళొచ్చాక మళ్ళీ వెళ్ళేదాకా పొడిగా ఉంటున్నారా, లేక చుక్కచుక్కగా పడుతూనే ఉందా? పంపు నొక్కితే మునుపటిలా చేతికి గట్టిగా తగిలి, నొక్కాక సొట్టపడి, కొద్ది నిమిషాలకి మళ్ళీ నిండుతోందా?

పరికరం లోపలి సెలైన్ నీరు కారిపోతే పంపు మెత్తబడి నొక్కినా ఏమీ కదలదు, లీక్ రోజంతా ఉంటుంది. అర్జెంటు వచ్చినప్పుడు మాత్రమే తడిసి మిగతా టైంలో పొడిగా ఉంటే గొడవ బహుశా బ్లాడర్‌ది. ఈ రెండూ తేల్చకుండా మార్చేయాలి అన్నవాళ్ళ మాట వినకు.

గోదారి గట్టు

అడిగాను బాబాయ్ గారూ. దగ్గితే లీక్ లేదు, నిన్న బియ్యం బస్తా జరిపారట, అప్పుడూ ఏమీ కాలేదు. మధ్యలో పొడిగానే ఉంటున్నారు. పంపు ఎప్పట్లాగే ఉందంటున్నారు. నీళ్ళ కుళాయి చప్పుడు విన్నా, ఇంటి తాళం తీస్తున్నా అర్జెంటు పుడుతుందట.

యూరో పీజీ

నేను యూరాలజీ చదువుతున్న డాక్టర్ని. ఆన్‌లైన్‌లో ఎవరికీ వైద్యం చేయను గానీ, మీరు మీ డాక్టరు గారితో మాట్లాడటానికి పనికొచ్చేంత చెబుతాను.

ఈ పరికరంలో మూడు భాగాలు. మూత్రనాళం చుట్టూ నీటితో నిండి బిగిసే పట్టీ లాంటి కఫ్, వృషణాల సంచిలో పంపు, పొత్తికడుపులో బెలూన్. పంపు నొక్కితే కఫ్‌లో నీరు బెలూన్‌లోకి పోయి నాళం తెరుచుకుంటుంది, కొద్ది నిమిషాల్లో కఫ్ దానంతటదే మళ్ళీ నిండుతుంది. కఫ్ ఎంత గట్టిగా బిగిసి ఉండాలో నిర్ణయించేది బెలూను. ఎక్కువమందికి వాడేది 61-70 సెంటీమీటర్ల నీటి ఒత్తిడి ఉన్న బెలూన్. ఇంకా గట్టిది పెడితే మేలు కదా అంటారు కొందరు. అంతకు మించి అదేపనిగా నొక్కి ఉంచితే నాళానికి రక్తం సరిగ్గా అందదు, చివరికి కఫ్ నాళాన్ని కోసుకుని లోపలికి వెళ్ళిపోవచ్చు. రేడియేషన్ తగిలిన ఒంట్లో ఈ భయం మరీ ఎక్కువ.

దగ్గినప్పుడు కడుపులో పెరిగే ఒత్తిడి బ్లాడర్ మీదా పడుతుంది, కడుపులోనే ఉన్న బెలూన్ మీదా పడుతుంది. అందుకే కఫ్ తట్టుకోగలదు. బ్లాడర్ కండరం తనంతట తాను బిగుసుకుంటే ఆ ఒత్తిడి బెలూన్‌కి చేరదు. కండరం కఫ్ కన్నా గట్టిగా తోసిందా, మూత్రం దాటుకుని వచ్చేస్తుంది. పరికరం నిక్షేపంలా పనిచేస్తున్నా ఇది జరుగుతుంది. కుళాయి చప్పుడు, తాళం తీయడం అనేవి మేం ఓపీలో రోజూ వినే మాటలు, బ్లాడర్ తొందరపాటుకి గుర్తులు.

మందుల షాపు అబ్బాయి చెప్పింది తప్పు. స్ఫింక్టర్ ఉన్నంత మాత్రాన ఈ మాత్రలు నిషేధం కాదు. వీటికి అసలు అడ్డంకులు వేరే ఉన్నాయి. మూత్రం పూర్తిగా దిగక లోపల నిలిచిపోవడం, ఇరుకు కోణం గ్లాకోమా అనే కంటి జబ్బు, తీవ్రమైన మలబద్ధకం. కాబట్టి నాన్నగారి కంటి చీటీ కూడా ఒకసారి చూడండి.

కానీ మాత్రకంటే ముందు వేసుకోవాల్సిన ప్రశ్న ఒకటుంది. కొన్ని నెలలు బాగుండి ఇప్పుడే ఎందుకు మొదలైంది? ఇన్ఫెక్షన్, రాయి, మూత్రం మిగిలిపోవడం, ప్రొస్టేట్ తీసి కుట్టిన చోట సన్నబడటం, కఫ్ కోసుకుపోవడం, రేడియేషన్‌తో బ్లాడర్ గోడ బిరుసెక్కడం, వీటిలో ఏదైనా ఇలాగే కనిపిస్తుంది. కఫ్ కోసుకుపోయి ఉంటే మీరు ఎన్ని మాత్రలు మింగించినా లాభం లేదు, కఫ్ తీయాల్సిందే. మూత్రంలో రక్తం, మంట, జ్వరం, పంపు దగ్గర ఎరుపు, వాపు, చర్మం పంపుకి అతుక్కున్నట్టు ఉండటం, వీటిలో ఏది కనిపించినా అపాయింట్‌మెంట్ కోసం ఆగకండి. అసలు మూత్రమే రాకపోయినా అంతే.

యూరిన్ పరీక్ష, కల్చర్, మూత్రం పోశాక ఎంత మిగిలిందో చూసే స్కాన్, షుగరు, క్రియాటినిన్. ఇవి మీ ఊళ్ళోనే అయిపోతాయి. తర్వాత సిస్టోస్కోపీ, అంటే నాళంలోంచి కెమెరా గొట్టంతో లోపల చూడటం, అవసరమైతే యూరోడైనమిక్స్, అంటే బ్లాడర్ నింపుతూ లోపలి ఒత్తిడి కొలవడం. ఈ రెండూ మాత్రం స్ఫింక్టర్ తెలిసిన చోటే చేయించండి.

ప్రకృతి బాట

ఇన్ని పరీక్షలు ఎందుకండీ. పల్లేరు కాయల కషాయం ఉదయం సాయంత్రం, మధ్యలో బార్లీ నీళ్ళు. మా తాతగారి కాలం నుంచి మూత్రం జబ్బులన్నిటికీ ఇదే. వేడి తగ్గితే అన్నీ సర్దుకుంటాయి.

స్టాఫ్ నర్స్ ఝాన్సీ

అన్నా, పల్లేరు కషాయం, బార్లీ నీళ్ళు మూత్రం ఎక్కువ రావడానికి తాగేవి. మూత్రం ఆగక బాధపడుతున్న పెద్దాయన చేత అవి తాగిస్తే లుంగీలు ఎవరు ఉతుకుతారు?

అలాగని నీళ్ళు మానేయించడం కూడా తప్పే, మా వార్డులో ఎక్కువగా చూసేది అదే. తడుస్తుందన్న భయంతో పొద్దున్నుంచి గుక్కెడు నీళ్ళు తాగరు. మూత్రం చిక్కబడి బ్లాడర్‌ని ఇంకా చిరాకు పెడుతుంది, మలబద్ధకం వస్తుంది, అర్జెంటు పెరుగుతుంది. నీళ్ళు పగటిపూట సర్ది తాగించి, రాత్రి భోజనం తర్వాత తగ్గించండి. సాయంత్రం కాఫీ, టీ ఆపి చూడండి. కొందరికి అదొక్కటే సగం తేడా చూపిస్తుంది.

ఇప్పుడు అసలు చెప్పాలనుకున్నది. గోదారి గట్టు గారూ, నాన్నగారి పర్సులో ఆ పరికరం కార్డు ఉందా? ఏ కారణంతో ఎమర్జెన్సీకి వెళ్ళినా, గుండె నొప్పి కావచ్చు, తుంటి ఎముక విరగడం కావచ్చు, మా వాళ్ళు మొదట చేసే పనుల్లో ఒకటి యూరిన్ పైపు వేయడం. కఫ్ మూసి ఉండగా పైపు తోస్తే నాళం చీలుతుంది. పంపు నొక్కి కఫ్ ఖాళీ చేసి, అది తెరుచుకుని ఉండగానే పంపు పక్కనున్న బటన్ నొక్కి లాక్ చేయాలి. ఆ తర్వాతే పైపు, అదీ సన్నది, 12 లేదా 14 సైజు. వీలైనంత త్వరగా తీసేయాలి. జిల్లా ఆసుపత్రుల్లో చాలామంది సిబ్బంది ఈ పరికరాన్ని ఒక్కసారి కూడా చూసి ఉండరు, వాళ్ళని అనలేం. ఇంట్లో వాళ్ళే అరిచి చెప్పాలి.

కూకట్‌పల్లి బాబాయ్

ఝాన్సీ తల్లి చెప్పింది అక్షరాలా నిజం. నా కార్డు వెనకాల తెలుగులో పెద్దక్షరాలతో రాయించి లామినేషన్ చేయించాను: "మూత్రనాళంలో పరికరం ఉంది. లాక్ చేయకుండా పైపు వేయవద్దు." మా ఆవిడకి, కోడలికి కూడా ఆ బటన్ ఎక్కడుందో చూపించాను. కోడలికి చూపించడమేంటి అని మా ఆవిడ గొడవ చేసింది. ప్రాణం మీదికొస్తే ఎవరు పక్కనుంటారో మనకి తెలుసా అన్నాను.

గుంటూరు మిర్చి

నాకు కిడ్నీలో రాయి తీసి స్టెంట్ వేశారు. నాకూ ఇదే అర్జెంటు, గంటకోసారి వెళ్ళాల్సి వస్తోంది, పోస్తుంటే నడుములోకి లాగుతోంది. ఇదీ ఓవర్ యాక్టివ్ బ్లాడరేనా? నేనూ ఆ సోలిఫెనసిన్ వేసుకోవచ్చా?

యూరో పీజీ

మీది డీజే స్టెంట్ (కిడ్నీ నుంచి బ్లాడర్ దాకా వేసే సన్న గొట్టం) బాధ, లక్షణాలు అవే గానీ కథ వేరు. స్టెంట్ కింది కొస బ్లాడర్లో చుట్టలా ఉండి గోడకి రాసుకుంటుంది. పోసేటప్పుడు మూత్రం స్టెంట్ లోంచి కిడ్నీ వైపు ఎగదన్నడం వల్ల నడుము లాగుతుంది. టామ్సులోసిన్, సోలిఫెనసిన్, మిరాబెగ్రాన్ లాంటివి డాక్టర్లు దీనికీ రాస్తారు, ఉపశమనం ఉంటుంది. మీ డాక్టర్ని అడిగి వాడండి, మీ అంతట మీరు వద్దు. దీనికి అసలు మందు స్టెంట్ తీయించుకోవడమే. ఎప్పుడు తీయాలన్నారు?

గుంటూరు మిర్చి

డిశ్చార్జి చీటీ చూడాలి సార్. నొప్పి తగ్గాక మళ్ళీ వెళ్ళలేదు.

స్టాఫ్ నర్స్ ఝాన్సీ

మిర్చి గారూ, ఇప్పుడే లేచి ఆ చీటీ వెతకండి. మామూలు స్టెంట్లు మూడు నెలలు దాటనివ్వకూడదు. మర్చిపోతే దాని చుట్టూ రాయి కట్టేస్తుంది, అప్పుడు స్టెంట్ తీయడానికే ఇంకో పెద్ద ఆపరేషన్. ఏళ్ళ తరబడి స్టెంట్ మర్చిపోయి కిడ్నీ పోగొట్టుకుని వచ్చినవాళ్ళని చూశాను.

డల్లాస్ డైరీ

మా మామగారికి ఇక్కడ ఇదే పరిస్థితి వచ్చింది. మాత్రలు పనిచేయక తర్వాతి మెట్టు దాకా వెళ్ళాం కాబట్టి ఆ సంగతి చెబుతాను.

రెండు దారులు చూపించారు. ఒకటి కండరాన్ని సడలించే బొటాక్స్. సిస్టోస్కోప్‌తో వెళ్ళి బ్లాడర్ కండరంలో అక్కడక్కడా ఇంజెక్షన్లు, మొత్తం 100 యూనిట్లు. అమెరికాలో మామూలు ఓవర్ యాక్టివ్ బ్లాడర్‌కి దీనికి 2013లో అనుమతి వచ్చింది. ఆరు నెలల చుట్టుపక్కల పనిచేస్తుంది, మళ్ళీ వేయించుకోవాలి. రెండోది నడుము కింద త్రికాస్థి దగ్గర నరానికి సన్న తీగ పెట్టి, పిరుదు పైన చర్మం కింద బ్యాటరీ పెట్టడం. ఇది 1997 నుంచీ ఉంది. దీంట్లో మాకు నచ్చింది ఏమిటంటే ముందు తాత్కాలికంగా పెట్టి చూస్తారు. సగానికి సగం తగ్గితేనే బ్యాటరీ పెడతారు, లేకపోతే తీగ లాగేస్తారు.

మామగారు రెండోదే ఎంచుకున్నారు. పూర్తిగా పోలేదు గానీ గుడిలో గంటసేపు కూర్చోగలుగుతున్నారు. రెండు పరికరాలు ఒకే ఒంట్లో ఉంటే ఒకదాన్నొకటి పాడుచేస్తాయేమో అనుకున్నాం. అలాంటిదేమీ లేదు. స్ఫింక్టర్‌లో కరెంటే లేదు, అంతా నీటి ఒత్తిడి మీద నడిచేదే. ఎమ్మారై తీయాల్సి వస్తే మాత్రం రెండు కార్డులూ చూపించాలి.

కూకట్‌పల్లి బాబాయ్

డల్లాస్ బాబుకి ఒక మాట. మీ ఇన్సూరెన్సు మోసింది కాబట్టి సరిపోయింది. ఆ నరం బ్యాటరీ ఇక్కడ చాలా తక్కువ చోట్ల పెడతారు, ఖర్చు స్ఫింక్టర్‌కి తీసిపోదు. స్ఫింక్టర్‌కే పొలం అమ్ముకున్నవాళ్ళు ఉన్నారు. గోదారి గట్టు బాబుకి ముందే ఆ మాట చెబితే గుండె ఆగుతుంది. నాకు బొటాక్స్ వేశారు, బాగానే ఉన్నాను.

డల్లాస్ డైరీ

నేను కాదనట్లేదు అంకుల్. మామగారికి బొటాక్స్ వద్దన్న కారణం వేరు. ఆయనకి పార్కిన్సన్స్ మొదలవుతోంది, చేతులు వణుకుతాయి. బొటాక్స్ తర్వాత మూత్రం ఆగిపోతే రోజూ స్వయంగా గొట్టం వేసుకుని ఖాళీ చేసుకోవాలి. స్ఫింక్టర్ ఉన్న మనిషి, ప్రతిసారీ పంపు నొక్కి, కఫ్ తెరిచి, అప్పుడు గొట్టం పెట్టాలి. వణికే చేతులతో కఫ్ సరిగ్గా తెరవకుండా గొట్టం తోస్తే ఉన్నదీ పోతుంది.

యూరో పీజీ

ఇద్దరి మాటా సరైనదే, మనిషిని బట్టి. బొటాక్స్ ట్రయల్స్‌లో నూటికి 6 మంది దాకా మూత్రం నిలిచిపోయింది, కానీ వాటిలో పాల్గొన్నవాళ్ళు ఎక్కువగా ఆడవాళ్ళు. ప్రొస్టేట్ తీసేసి కఫ్ ఉన్న మగవాళ్ళకి అదే లెక్క వర్తిస్తుందని నేను చెప్పను. అందుకే మా సార్ ముందే గొట్టం వేసుకోవడం నేర్పించి, మనిషి చేసి చూపిస్తేనే బొటాక్స్‌కి తేదీ ఇస్తారు. నాకు ఆ పద్ధతి నచ్చుతుంది. సిస్టోస్కోపు వెళ్ళేటప్పుడు కూడా కఫ్ ఖాళీ చేసి లాక్ చేయాలని వేరే చెప్పక్కర్లేదు.

చిన్ని వాళ్ళమ్మ (నిజామాబాద్)

మా బాబుకి పుట్టుకతో వెన్నుపూస సమస్య, పుట్టగానే ఆపరేషన్ అయింది. ఇప్పుడు 16 ఏళ్ళు. గొట్టం వేసుకుంటూనే ఉన్నా మధ్యలో లీక్ అవుతుంది, కాలేజీకి పోనంటున్నాడు. స్ఫింక్టర్ పెడితే బాగుంటుందని ఒక డాక్టర్ సార్ అన్నారు. ఇంకో సార్ ముందు బ్లాడర్ సంగతి చూడాలె, తొందరపడొద్దు అన్నారు. ఇక్కడ రాసింది చదివితే నాకు రెండో సార్ మాటే నిజమనిపిస్తోంది. మీరేమంటారు?

యూరో పీజీ

అక్కా, రెండో సార్ మాట పట్టుకోండి. పెద్దాయనల విషయంలో బ్లాడర్ తొందరపాటు బట్టలు తడిపే సమస్య. మీ బాబు లాంటి పిల్లల్లో అది కిడ్నీల సమస్య. నరాలు దెబ్బతిన్న బ్లాడర్ లోపల ఒత్తిడి 40 సెంటీమీటర్ల నీటి ఒత్తిడి దాటి అలాగే ఉంటే కిడ్నీలు వాచి పాడవుతాయని 1980ల నుంచీ తెలుసు. ఇప్పుడు కారిపోతున్న మూత్రమే ఆ ఒత్తిడిని కొంత దించుతోంది. దాన్ని స్ఫింక్టర్‌తో మూసేస్తే విజిల్ రానివ్వకుండా కుక్కర్ని పొయ్యి మీద ఉంచినట్టే.

యూరోడైనమిక్స్‌లో ఒత్తిడి ఎంతో చూస్తారు. ఎక్కువుంటే ఆక్సీబ్యూటినిన్ లాంటి మందులు, నరాల సమస్య ఉన్న బ్లాడర్‌కి బొటాక్స్, వీటికి లొంగకపోతే పేగు ముక్క అతికించి బ్లాడర్ పెద్దది చేసే ఆపరేషన్. ఒత్తిడి అదుపులోకి వచ్చాకే, లేదా ఆ ఆపరేషన్‌తో పాటే స్ఫింక్టర్. పెట్టాక కూడా ఏటా కిడ్నీ స్కాన్ మానకూడదు, ఎందుకంటే మొదట మెత్తగా ఉన్న బ్లాడర్ కఫ్ పెట్టిన కొన్నేళ్ళకి బిరుసెక్కడం ఈ పిల్లల్లో జరుగుతుంది. బాబుకి లీక్ లేదు, హాయిగా ఉన్నాడు అని స్కాన్ మానేసిన వాళ్ళే చివరికి ఇబ్బంది పడతారు.

ఇంకోటి, ఈ పిల్లల్లో లేటెక్స్ (రబ్బరు) ఎలర్జీ ఎక్కువ. గ్లౌజులు, గొట్టాలు లేటెక్స్ లేనివి అడగండి.

చిన్ని వాళ్ళమ్మ (నిజామాబాద్)

లేటెక్స్ సంగతి ఇప్పటిదాకా ఎవ్వరూ చెప్పలేదు. బెలూన్లు ఊదితే పెదాలు వాస్తాయి వాడికి. చాలా థ్యాంక్స్ తమ్ముడూ.

విజయ, విశాఖ

మగవాళ్ళ మధ్యలో అడగొచ్చో లేదో. నాకు దగ్గితే లీక్ అవుతోందని మూత్రనాళం కింద ఊతంగా టేపు వేశారు, టీవీటీ అంటారు. ఆ లీక్ పోయింది, కానీ అప్పట్నుంచి అర్జెంటు పట్టుకుంది. లేచిన కాడినుంచి బాత్రూం ఎక్కడుందా అని చూడటమే. వయసు అంతేనమ్మా అన్నారు. అంతేనా?

స్టాఫ్ నర్స్ ఝాన్సీ

ఎందుకు అడగకూడదక్కా. వయసు మీద తోసేయకండి. టేపు కొంచెం ఎక్కువ బిగిసి మూత్రం పూర్తిగా దిగకపోయినా అర్జెంటు వస్తుంది. ధార సన్నబడిందా, ముందుకు వంగితే గానీ రావడం లేదా? అలాంటిదుంటే పోశాక మిగిలేది ఎంతో స్కాన్ చేయించండి. అరుదుగా టేపు బ్లాడర్లోకో, నాళంలోకో పొడుచుకొస్తుంది, మాటిమాటికి ఇన్ఫెక్షన్, రక్తం కనిపిస్తాయి. ఈ రెండూ లేవని తేలితే మాత్రలూ, బ్లాడర్ ట్రైనింగూ. బిగుతు వల్ల వచ్చిన అర్జెంటుకి మాత్రలిస్తే పూర్తిగా ఆగిపోయే ప్రమాదం ఉంది, అందుకే స్కాన్ ముందు.

ఫిజియో వరంగల్

విజయ గారికీ, నాన్నగారికీ ఇద్దరికీ పనికొచ్చేది చెబుతాను. అర్జెంటు రాగానే పరిగెత్తకండి. పరుగు కండరాన్ని ఇంకా రెచ్చగొడుతుంది, పెద్దవాళ్ళు పడిపోతారు కూడా. ఉన్నచోటే ఆగి, వీలైతే కూర్చుని, గ్యాస్ పోకుండా ఆపినట్టు కింది కండరాలు గబగబా కొన్నిసార్లు బిగించి వదలండి. ఆ ఉధృతి దిగాక మామూలుగా నడిచి వెళ్ళండి. స్ఫింక్టర్ ఉన్నవాళ్ళు కూడా ఇది చేయొచ్చు. పరికరానికి ఏమీ కాదు.

చీలమండ దగ్గర సన్న సూది పెట్టి నరానికి కరెంటు ఇచ్చే పద్ధతి కూడా ఉంది. వారానికోసారి అరగంట, 12 వారాలు. నాళం జోలికి అసలు పోదు కాబట్టి కఫ్ ఉన్నవాళ్ళకి ఇది సుఖం. వారం వారం రావాలి, అదే చిక్కు. పేస్‌మేకర్ ఉన్నవాళ్ళకి చేయం.

గోదారి గట్టు

కొంత ఆలస్యంగా రాస్తున్నాను, క్షమించాలి. జరిగింది చెబుతాను.

యూరిన్ కల్చర్‌లో ఏమీ లేదు. స్కాన్‌లో పోశాక 140 మిల్లీలీటర్లు మిగిలింది. స్ఫింక్టర్ పెట్టిన చోటికే తీసుకెళ్ళాం. సిస్టర్ గారు నాన్నని "మీరు ఎలా పోస్తారో చెప్పండి" అని అడిగితే సంగతి బయటపడింది. ఒక్కసారి పంపు నొక్కి, ధార ఆగగానే అయిపోయిందనుకుని వచ్చేస్తున్నారు. ధార ఆగింది బ్లాడర్ ఖాళీ అయి కాదు, కఫ్ మళ్ళీ నిండిపోయి. కాసేపు ఆగి రెండోసారి నొక్కించారు, ఇంకా వచ్చింది. ఇప్పుడు స్కాన్‌లో మిగిలేది 30. అర్జెంటు కొంత తగ్గింది దాంతోనే.

సిస్టోస్కోపీలో కఫ్ దగ్గర నాళం బాగుందన్నారు. బ్లాడర్ గోడ మీద రేడియేషన్ మచ్చలు ఉన్నాయట. యూరోడైనమిక్స్‌లో 150 మిల్లీలీటర్ల దాకా నిండేసరికే కండరం బిగుసుకుంటోంది, కిడ్నీలకి భయం లేదన్నారు. పరికరం మార్చక్కర్లేదు అని తేలింది. ఇంట్లో అందరం ఊపిరి పీల్చుకున్నాం.

మందు దగ్గర మాత్రం మళ్ళీ సందేహం. నాన్నకి ముందే మలబద్ధకం, ఈమధ్య కాస్త మతిమరుపు కూడా. అందుకని సోలిఫెనసిన్ ఆపి మిరాబెగ్రాన్ 25 రాశారు. నాన్న గుండెకి మెటోప్రొలాల్, బీపీకి ఆమ్లోడిపిన్ వేసుకుంటారు. కలిపి వాడొచ్చా?

యూరో పీజీ

ఆ మార్పు నాకు సబబుగానే ఉంది. సోలిఫెనసిన్, టోల్టెరోడిన్ జాతి మందులు నోరెండిపోవడం, మలబద్ధకం తెస్తాయి, పెద్ద వయసులో జ్ఞాపకశక్తి మీద ప్రభావం గురించి కూడా జాగ్రత్త పడతాం. మిరాబెగ్రాన్‌కి ఆ బెడద లేదు, కానీ బీపీ పెంచవచ్చు. బీపీ 180/110 దాటి అదుపులో లేనివాళ్ళకి ఇవ్వం. మెటోప్రొలాల్‌ని లివర్ కరిగించే దారిని మిరాబెగ్రాన్ కొంత అడ్డుకుంటుంది, దాంతో మెటోప్రొలాల్ ప్రభావం పెరిగి నాడి నెమ్మదించవచ్చు. కలపకూడదని కాదు, నాడీ బీపీ చూసుకుంటూ వాడాలి. కళ్ళు తిరిగితే చెప్పమనండి. గుండె డాక్టరు గారికి కూడా ఈ కొత్త మాత్ర పేరు చెప్పండి.

ఒకటి రెండు రోజుల్లో పనిచేయలేదని మానేయొద్దు. పూర్తి ప్రభావం తెలియడానికి 8 వారాలు పడుతుంది. చాలకపోతే 50కి పెంచుతారు.

రాత్రి గొడవ ఎలా ఉంది? ఎన్నిసార్లు అనేకంటే ఎంత పోస్తున్నారో రాయండి. కొలత గీతలున్న ప్లాస్టిక్ మగ్గు ఒకటి కొని బాత్రూంలో పెట్టండి.

గోదారి గట్టు

రాశాం సార్. పగలు ప్రతిసారీ 100, 150. రాత్రి మాత్రం 300, 350 వస్తోంది. సాయంత్రానికి పాదాలు వాస్తాయి, చెప్పుల గుర్తులు పడతాయి. దీనికీ దానికీ సంబంధం ఉందా?

యూరో పీజీ

ఉంది. పగలు కాళ్ళలో చేరిన నీరు పడుకోగానే రక్తంలోకి ఎక్కి మూత్రంగా దిగుతుంది. ఇది బ్లాడర్ తొందరపాటు కాదు, నిజంగానే రాత్రి మూత్రం ఎక్కువ తయారవుతోంది. బ్లాడర్ మాత్ర దీన్ని ఆపదు. ఆమ్లోడిపిన్ వల్ల పాదాలు వాయడం మామూలే, అయితే గుండె, కిడ్నీ కూడా ఒకసారి చూపించాలి. మాత్ర మీరే ఆపేయకండి, గుండె డాక్టరు గారు వేరేది మారుస్తారేమో అడగండి. ఈలోపు సాయంత్రం ఒక గంట కాళ్ళు ఎత్తు మీద పెట్టుకుని పడుకోమనండి. గురక పెడతారా? నిద్రలో ఊపిరి ఆగే జబ్బు ఉన్నా రాత్రి మూత్రం పెరుగుతుంది.

గోదారి గట్టు

గురకా? మా వీధి చివరికి వినిపిస్తుంది.

యూరో పీజీ

అయితే అది కూడా ఆ గుండె డాక్టరు గారి చెవిన వేయండి.

గుంటూరు మిర్చి

ఝాన్సీ గారూ, చీటీ దొరికింది. తీయాల్సిన తేదీ ఎప్పుడో దాటిపోయింది. మొన్న తీయించుకున్నాను, అదృష్టం, కొంచెమే గారకట్టింది. అర్జెంటు పోయింది. ఇప్పుడు మా బావమరిదికి కూడా స్టెంట్ ఉందని తెలిసింది, వాడినీ లాక్కెళ్తున్నాను.

గోదారి గట్టు

మిరాబెగ్రాన్ మొదలుపెట్టాక పగలు లుంగీ తడవడం బాగా తగ్గింది, పూర్తిగా కాదు. రాత్రి సంగతి ఆమ్లోడిపిన్ మార్చాక చెబుతాను. బొటాక్స్ గురించి ఇప్పుడే వద్దన్నారు నాన్న. "నాకు చేతులు వణకడం లేదుగా, అవసరమైతే ఆ గొట్టం నేర్చుకుంటాలే, ముందు ఈ మాత్ర సంగతి తేలనీ" అన్నారు. బాబాయ్ గారూ, ఆ కార్డు మీద తెలుగులో రాయించిన ఫొటో ఒకటి పెట్టగలరా? మా ఊళ్ళో లామినేషన్ షాపు వాడికి చూపించాలి.

కూకట్‌పల్లి బాబాయ్

పెడతాను బాబూ, పేరూ నంబరూ చెరిపి పెడతాను. బటన్ ఎక్కడుందో బొమ్మ కూడా గీయించు, రాసింది చదివే తీరిక ఎమర్జెన్సీలో ఎవరికీ ఉండదు.